న్యూజెర్సీలోనే ఉండాలా, డాలస్ వైపు మారాలా: పన్నులు, ఇల్లు, బడి, వీసా లెక్కలు

ఎడిసన్, సౌత్ బ్రన్స్‌విక్, ప్లెయిన్స్‌బరో వైపు అద్దెకుండే తెలుగు కుటుంబాల్లో ఈ ప్రశ్న ఏదో ఒక రోజు వచ్చి తీరుతుంది. ఇక్కడే ఓ టౌన్‌హౌస్ కొనుక్కుని ఉండిపోవాలా, లేక ఫ్రిస్కో, ప్రాస్పర్ వెళ్లి పెద్ద ఇల్లు తీసుకోవాలా? చాలామంది చెప్పే జవాబు ఒక్క వాక్యంలో అయిపోతుంది: "టెక్సాస్‌లో స్టేట్ టాక్స్ లేదు, అదే డబ్బుకు రెట్టింపు ఇల్లు వస్తుంది." ఇందులో రెండో సగం నిజానికి దగ్గరగా ఉంది. మొదటి సగం మీదే నమ్మకం పెట్టుకుని మారినవాళ్లు రెండో ఏడాదిలో ఎస్క్రో (ఇంటి పన్ను, ఇన్సూరెన్స్ కోసం బ్యాంకు నెల వాయిదాతో పాటు వసూలు చేసే డబ్బు) నోటీసు చూసి కంగారు పడతారు.

రాష్ట్రాల సగటు అంకెలు పక్కన పెట్టండి, అవి మీ ఇంటికి పనికిరావు. ఒక ఫలానా ఇంటిని మరో ఫలానా ఇంటితో, ఒక ఆఫీసు దారిని మరో ఆఫీసు దారితో పోల్చాలి. ఇక్కడి లెక్కలన్నీ న్యూజెర్సీలో మిడిల్‌సెక్స్, మెర్సర్, సోమర్‌సెట్ కౌంటీలకూ, టెక్సాస్‌లో డాలస్‌కు ఉత్తరాన ఉన్న కాలిన్, డెంటన్ కౌంటీలకూ వర్తిస్తాయి. హ్యూస్టన్ వరదలు, ఆస్టిన్ ఇళ్ల ధరలు వేరే కథ, వాటిని ఇందులో కలపలేదు.

పన్నుల లెక్క, అంకెలతో

ఇద్దరు పిల్లలున్న దంపతులు, ఇంటి మొత్తం జీతం 2 లక్షల డాలర్లు, కొనే ఇల్లు 6 లక్షలు అనుకుందాం.

న్యూజెర్సీ ఆదాయపు పన్ను శ్లాబుల్లో పెరుగుతుంది. జంటగా ఫైల్ చేస్తే 80 వేల నుంచి 1.5 లక్షల వరకు 5.525%, ఆ పైన 5 లక్షల వరకు 6.37%. కింది శ్లాబులన్నీ కలుపుకుంటే 2 లక్షల మీద దాదాపు 8,700 డాలర్లు. ఇంటి పన్నులో 15 వేల వరకు తీసేసుకోవచ్చు, మనుషుల లెక్కన ఎగ్జెంప్షన్లు కూడా ఉన్నాయి కాబట్టి చివరికి 7,500 దగ్గర తేలుతుంది. టెక్సాస్‌లో ఇది సున్నా. 2019లో రాజ్యాంగ సవరణ ద్వారా వ్యక్తిగత ఆదాయపు పన్నును నిషేధించారు కూడా.

ఇంటి పన్ను విషయంలో, న్యూజెర్సీలో ఈ ప్రాంతపు చాలా ఊళ్లలో మార్కెట్ ధర మీద 2 నుంచి 2.5% పడుతుంది. 2.2% వేసుకుంటే 13,200 డాలర్లు. రాష్ట్రం మొత్తం మీద సగటు ఇంటి పన్ను బిల్లు 2024లో మొదటిసారి 10 వేలు దాటింది. యాంకర్ పథకం కింద, ఆదాయం 1.5 నుంచి 2.5 లక్షల మధ్య ఉన్న ఇంటి యజమానికి ప్రస్తుత నిబంధనల ప్రకారం 1,000 డాలర్లు తిరిగొస్తాయి. 1.5 లక్షల లోపు అయితే 1,500. అద్దెకున్నవాళ్లకూ కొంత వస్తుంది, కానీ దరఖాస్తు పెట్టకుండా వదిలేసేవాళ్లు చాలామంది.

టెక్సాస్‌లో స్కూల్ డిస్ట్రిక్ట్, సిటీ, కౌంటీ, కమ్యూనిటీ కాలేజీ వేర్వేరుగా పన్ను వేస్తాయి. కాలిన్ కౌంటీలో స్కూలుకు సుమారు 1%, మిగతావన్నీ కలిపి సుమారు 0.7% అనుకోండి. సొంతంగా ఉండే ఇంటికి హోమ్‌స్టెడ్ మినహాయింపు ఉంది. స్కూల్ పన్ను లెక్కలో ఇంటి విలువ నుంచి 1.4 లక్షలు తీసేస్తారు. 2025 నవంబరు ఓటింగుకు ముందు ఇది లక్షే. కాబట్టి స్కూలుకు 4.6 లక్షల మీద 4,600, మిగతావాటికి 6 లక్షల మీద 4,200, మొత్తం 8,800 డాలర్లు.

ఇల్లు మడ్ పరిధిలో, అంటే మునిసిపల్ యుటిలిటీ డిస్ట్రిక్ట్‌లో ఉంటే ఈ లెక్క మారిపోతుంది. కొత్త వెంచర్లలో నీళ్లకు, డ్రైనేజీకి, రోడ్లకు బిల్డర్ పెట్టిన ఖర్చును బాండ్ల ద్వారా రాబట్టే ఏర్పాటు ఇది. రేటు 0.5 నుంచి 1% దాకా ఉంటుంది. 0.6% అనుకున్నా మరో 3,600. అచ్చం ఇలాంటిదే పిడ్, అంటే పబ్లిక్ ఇంప్రూవ్‌మెంట్ డిస్ట్రిక్ట్. దాన్ని పన్ను అనకుండా అసెస్‌మెంట్ అంటారు కాబట్టి ఫెడరల్ రిటర్న్‌లో ఇంటి పన్నుగా చూపడానికి కుదరదు. టెక్సాస్‌లోని సెలీనా, ప్రిన్స్‌టన్, అనా వంటి చోట్ల మోడల్ హోమ్ చూపించేవాళ్లు నెల వాయిదా చెబుతారు కానీ దీన్ని అందులో కలిపారో లేదో మీరు అడిగితేనే తెలుస్తుంది. "అన్ని పన్నులూ కలిపి మొత్తం రేటు ఎంత? మడ్ ఉందా, పిడ్ ఉందా, ఇంకా ఎన్నేళ్లు?" అని రాతపూర్వకంగా అడగండి.

ఇంటి ఇన్సూరెన్స్ న్యూజెర్సీలో 2,000 దగ్గర ఉంటే, ఉత్తర టెక్సాస్‌లో అదే విలువకు 4 నుంచి 6 వేలు. టెక్సాస్ వెంచర్లలో హెచ్‌ఓఏ (ఇంటి యజమానుల సంఘం ఫీజు) ఏడాదికి వెయ్యి, టోల్ 2,500 కలుపుకోండి.

మొత్తాలు చూస్తే: న్యూజెర్సీలో 7,500, 13,200, 2,000 కలిపి యాంకర్ వెయ్యి తీసేస్తే 21,700. టెక్సాస్‌లో ఇన్సూరెన్స్ 5 వేలు వేసుకుంటే మడ్ లేని ఇంటికి 17,300, మడ్ ఉంటే 20,900.

ఇక్కడితో ఆగకూడదు. రాష్ట్ర, స్థానిక పన్నుల మీద ఫెడరల్ మినహాయింపు పరిమితిని 2025 నుంచి 10 వేల నుంచి 40 వేలకు పెంచారు. 2030లో మళ్లీ 10 వేలకు పడిపోతుంది. హోమ్ లోన్ వడ్డీ ఎక్కువగా ఉన్న తొలి ఏళ్లలో రెండు చోట్లా ఐటమైజ్ చేస్తారు (స్టాండర్డ్ డిడక్షన్ బదులు ఖర్చులను విడివిడిగా చూపుతారు) కాబట్టి, న్యూజెర్సీలో ఎక్కువ కట్టిన పన్ను వల్ల ఫెడరల్‌లో సుమారు 1,400 నుంచి 2,200 డాలర్ల వరకు అదనంగా తగ్గుతుంది. అది తీసేస్తే మడ్ లేని టెక్సాస్ ఇంటితో తేడా ఏడాదికి రెండు వేలకు కాస్త పైన. మడ్ ఉన్న ఇల్లయితే న్యూజెర్సీయే కొంచెం చవక.

కంపెనీ ప్రాంతాన్ని బట్టి జీతం తగ్గిస్తే లెక్క పూర్తిగా తిరగబడుతుంది. 7,500 డాలర్ల స్టేట్ టాక్స్ ఆదా చేతికందాలంటే, జీతంలో కోత 10,600 డాలర్ల లోపే ఉండాలి (తగ్గిన జీతం మీద ఫెడరల్ పన్నులూ తగ్గుతాయి కాబట్టి 7,500 కంటే ఇది ఎక్కువ). అంతకు మించి తగ్గిస్తే "స్టేట్ టాక్స్ లేదు" అన్న మాటకు అర్థం లేదు. కాబట్టి ట్రాన్స్‌ఫర్ అడిగేటప్పుడు జీతం సంగతి ముందే తేల్చుకోవాలి. వెళ్లాక బేరం ఉండదు.

మరి టెక్సాస్ వెళ్లినవాళ్లు లాభపడినట్టు ఎందుకు అనిపిస్తుంది? ఇల్లు. 6 లక్షలకు న్యూజెర్సీలో నలభై, యాభై ఏళ్ల నాటి 1,800 చదరపు అడుగుల కలోనియల్ ఇల్లో, నెలకు మూడు నాలుగు వందల అసోసియేషన్ ఫీజుతో టౌన్‌హౌసో వస్తుంది. సెలీనాలో అదే డబ్బుకు 3,000 చదరపు అడుగుల కొత్త ఇల్లు, కింద ఒక బెడ్‌రూమ్, పక్కనే బాత్‌రూమ్‌తో సహా. అమ్మానాన్నలు మెట్లెక్కే అవసరం లేకుండా ఆరు నెలలు ఉండగలగడం చిన్న సంగతి కాదు. అందుకే నికరమైన తేడా పన్నులో కాకుండా జాగాలో ఉంది. మీకు జాగా అవసరం లేకపోతే టెక్సాస్ వల్ల మిగిలేది కొద్దిగానే.

ఇంటి పన్నులో రెండు ఉచ్చులు

టెక్సాస్‌లో ఇంటి విలువను జనవరి 1న ఉన్న స్థితి ప్రకారం కడతారు. జులైలో పూర్తయిన కొత్త ఇంటికి ఆ ఏడాది బిల్లు వట్టి స్థలం మీదే వస్తుంది, 2 వేలు అనుకుందాం. కొన్ని బ్యాంకులు దాన్నే ఆధారం చేసుకుని ఎస్క్రో కడతాయి. మరుసటి ఏడాది బిల్లు 8,800 వస్తుంది. అప్పుడు తక్కువ పడిన 6,800ను పన్నెండు నెలల్లో రాబట్టడానికి నెలకు 567, ఇకపై సరిపోవడానికి మరో 567. వాయిదా ఒక్కసారిగా నెలకు 1,100 డాలర్లు పెరుగుతుంది. పూర్తి విలువ మీదే ఎస్క్రో కట్టమని క్లోజింగ్‌కు (ఇల్లు మీ పేరు మీదికి మారే రోజుకు) ముందే లెండర్‌కు చెప్పండి. ఒప్పుకోకపోతే ఆ తేడాను నెలనెలా వేరే ఖాతాలో వేసుకోండి.

హోమ్‌స్టెడ్ దరఖాస్తు ఉచితం, కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్ట్ వెబ్‌సైట్‌లోనే పెట్టవచ్చు. టెక్సాస్ లైసెన్సు మీద ఆ ఇంటి చిరునామానే ఉండాలి. చాలా దరఖాస్తులు తిరస్కరణకు గురయ్యేది ఇక్కడే. హెచ్1బీ మీద ఉన్నవాళ్లకూ ఇది వర్తిస్తుంది. డబ్బులు కడితే మేం పెడతాం అంటూ పోస్టులో వచ్చే కాగితాలను పట్టించుకోకండి. మినహాయింపు వచ్చిన మరుసటి ఏడాది నుంచి పన్ను వేసే విలువ ఏటా 10% కంటే ఎక్కువ పెరగదు. విలువ ఎక్కువ కట్టారనిపిస్తే మే 15 లోపు, లేదా నోటీసు వచ్చిన 30 రోజుల్లోపు, ఏది తర్వాతైతే అప్పటిలోగా ప్రొటెస్ట్ చేయాలి. టెక్సాస్‌లో అమ్మకపు ధరలు బయటపెట్టే చట్టం లేదు కాబట్టి, చుట్టుపక్కల ఇళ్లు ఎంతకు అమ్ముడయ్యాయో మీ ఏజెంట్‌తో తీయించుకుని జతచేయండి.

న్యూజెర్సీలో ఉచ్చు వేరు. లిస్టింగ్‌లో కనిపించే పన్ను రేటుకు అర్థం లేదు. దశాబ్దాలుగా రీవాల్యుయేషన్ (ఊరంతటి ఇళ్ల విలువను కొత్తగా కట్టడం) చేయని ఊళ్లలో ఇంటి విలువ పాత లెక్కలోనే ఉంటుంది, రేటు మాత్రం 5%కు పైగా కనిపిస్తుంది. పక్క ఊళ్లో 2% కనిపిస్తే అది చవక అని కాదు. ఆ ఇంటి అసలు బిల్లును కొనే ధరతో భాగించి చూసుకోండి. తర్వాత టౌన్‌షిప్‌కు ఫోన్ చేసి "రీవాల్యుయేషన్ ఎప్పుడు?" అని అడగండి. రీవాల్ వచ్చినప్పుడు, మిగతా ఊరికంటే ఎక్కువ ధర పెరిగిన పేటల్లో పన్ను పెరుగుతుంది. తెలుగువాళ్లు పోటీపడి కొన్న స్కూల్ జోన్లు ఇలాంటివే. చాలా కౌంటీల్లో అప్పీలుకు గడువు ఏప్రిల్ 1.

గోడలూ పైకప్పులూ

ఉత్తర టెక్సాస్ నేల నల్లరేగడి బంకమట్టి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. ఇంటికి బేస్‌మెంట్ ఉండదు, కాంక్రీట్ స్లాబ్ మీదే నిలబడుతుంది. ఆగస్టులో ఒక పక్క నేల ఎండి, ఇంకో పక్క స్ప్రింక్లర్ నీళ్లతో తడిగా ఉంటే స్లాబ్ వంకర పోతుంది. తలుపులు సరిగా పడకపోవడం, ఇటుకల మధ్య మెట్లలా పగుళ్లు రావడం దీని గుర్తులు. పునాదికి ఒకటిన్నర అడుగు దూరంలో సోకర్ హోస్ వేసి, ఎండాకాలమంతా ఇంటి చుట్టూ తేమ సమంగా ఉంచాలి. పాత ఇల్లు కొంటుంటే మామూలు ఇన్‌స్పెక్టర్‌తో పాటు స్ట్రక్చరల్ ఇంజినీర్‌కు విడిగా డబ్బులివ్వండి. కొత్త ఇంటికి మూడు ఇన్‌స్పెక్షన్లు కావాలి: గోడలు మూయకముందు, క్లోజింగ్‌కు ముందు, ఏడాది వారంటీ ముగిసేలోపు పదకొండో నెలలో.

వడగళ్లు మరో బాధ. టెక్సాస్ పాలసీల్లో గాలికి, వడగళ్లకు డిడక్టిబుల్ డాలర్లలో కాకుండా శాతంలో ఉంటుంది. 5 లక్షల కవరేజీకి 2% అంటే పైకప్పు మార్చినప్పుడు మొదటి 10 వేలు మీ జేబులోంచే. ఇంకా చూడాల్సింది, పైకప్పుకు పూర్తి రీప్లేస్‌మెంట్ ఖర్చు ఇస్తారా, లేక వయసుకు తగ్గట్టు తరుగు తీసేసి ఇస్తారా అన్నది. తరుగు తీసే పాలసీ చవకగా కనిపిస్తుంది, పన్నెండేళ్ల పైకప్పుకు సగం కూడా రాదు. "డిడక్టిబుల్ మేమే చూసుకుంటాం" అని తలుపు తట్టే రూఫర్‌ను నమ్మకండి, అలా మాఫీ చేయడం 2019 నుంచి టెక్సాస్‌లో చట్టవిరుద్ధం.

కరెంటు విషయంలో టెక్సాస్‌లో చాలాచోట్ల కంపెనీని మనమే ఎంచుకోవాలి. "వెయ్యి యూనిట్లు దాటితే వంద డాలర్ల తగ్గింపు" అనే ప్లాన్లు వెబ్‌సైట్‌లో అన్నిటికంటే చవకగా కనిపిస్తాయి. వసంతకాలంలో 990 యూనిట్లు వాడిన నెల ఆ తగ్గింపు పోయి బిల్లు పెరుగుతుంది. 500, 1,000, 2,000 యూనిట్లకు మూడు ధరలూ చూసి, తేడా తక్కువున్న ప్లాన్ తీసుకోండి. ఫ్రిస్కో, ప్రాస్పర్‌లలో కోసర్వ్ అనే విద్యుత్ సహకార సంస్థ పరిధిలోని ఇళ్లకు ఈ ఎంపికే ఉండదు. జులై, ఆగస్టుల్లో 3,000 అడుగుల ఇంటికి మూడు వందల పైన బిల్లు మామూలే. 2021 ఫిబ్రవరి చలిలో గ్రిడ్ విఫలమై లక్షల ఇళ్లకు రోజుల తరబడి కరెంటు పోయింది. నీటి పైపులు గడ్డకట్టి పగిలాయి. మెయిన్ వాల్వ్ ఎక్కడుందో ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి. న్యూజెర్సీలోనూ కరెంటు చవక కాదు, 2025 జూన్‌లో బిల్లులు 17 నుంచి 20% పెరిగాయి.

న్యూజెర్సీ ఇంట్లో చూడాల్సింది బేస్‌మెంట్. 2021 సెప్టెంబరు 1న ఐడా తుపాను వానకు సెంట్రల్ జెర్సీలో వేల బేస్‌మెంట్లు మునిగాయి. బేస్‌మెంట్ నీళ్లు తోడే సంప్ పంపుకు బ్యాటరీ బ్యాకప్ ఉండాలి, ఎందుకంటే వాన పడేటప్పుడే కరెంటు పోతుంది. డ్రైన్ నుంచి నీళ్లు వెనక్కి తన్నితే మామూలు పాలసీ ఇవ్వదు, ఆ కవరేజీని విడిగా కలపమనాలి. బయటి నుంచి వచ్చే వరదకు వేరే ఫ్లడ్ పాలసీ కావాలి. 2024 మార్చి నుంచి అమ్మేవాళ్లు వరద చరిత్రను రాతపూర్వకంగా చెప్పి తీరాలి కాబట్టి ఆ ఫారం అడిగి చదవండి. పాత ఇళ్లలో భూమిలో పూడ్చిన ఆయిల్ ట్యాంక్ ఉండొచ్చు. కొన్ని వందల డాలర్లతో స్వీప్ చేయించండి. అది కారిందంటే శుభ్రం చేయించే ఖర్చు పదుల వేలల్లోకి వెళ్తుంది. మెర్సర్, సోమర్‌సెట్ వైపు రేడాన్ (నేలలోంచి వచ్చే రేడియోధార్మిక వాయువు) పరీక్ష తప్పనిసరి అనుకోండి. 4 పికోక్యూరీలు దాటితే తొలగించే ఏర్పాటు అమ్మేవాళ్ల చేత పెట్టించాలి.

ఇన్ని లోపాలు చూసుకోవడానికి గడువు రెండు చోట్లా తక్కువే. టెక్సాస్‌లో కొంత రుసుము కట్టి ఆప్షన్ పీరియడ్ తీసుకుంటారు, సాధారణంగా వారం, పది రోజులు. ఆలోగా కారణం చెప్పకుండానే తప్పుకోవచ్చు. న్యూజెర్సీలో సంతకాలయ్యాక మూడు పనిదినాల అటార్నీ రివ్యూ ఉంటుంది. ఇన్‌స్పెక్షన్ షరతులు గట్టిగా రాసే లాయర్ ఫీజు దగ్గర పొదుపు చేయకండి.

ఆఫీసుకు దారి

న్యూజెర్సీ అసలు బలం ఇదే: ఒక ఉద్యోగం పోతే ఇల్లు మారకుండా ఇంకోటి దొరికే అవకాశం. ఎడిసన్, మెట్రోపార్క్, ప్రిన్స్‌టన్ జంక్షన్ నుంచి రైల్లో న్యూయార్క్, కారులో న్యూ బ్రన్స్‌విక్ చుట్టూ ఫార్మా, జెర్సీ సిటీలో బ్యాంకులు. దంపతులిద్దరూ పనిచేస్తుంటే ఈ చుట్టుపక్కల దట్టంగా ఉన్న ఉద్యోగాలే రక్ష. ఇబ్బందులూ ఉన్నాయి. ఎడిసన్ నుంచి పెన్ స్టేషన్‌కు రైలు ముప్పావు గంటకు కాస్త అటూ ఇటూ, ఇంటి నుంచి కుర్చీ దాకా మాత్రం గంటన్నర. హడ్సన్ కింది సొరంగం 1910 నాటిది, 2012 శాండీ తుపానులో ఉప్పునీరు చేరి దెబ్బతింది. వేసవిలో ఆలస్యాలు తరచుగా వస్తాయి. ఛార్జీలు 2024 జులైలో 15% పెంచారు. స్టేషన్ పార్కింగ్ పర్మిట్‌కు కొన్నిచోట్ల ఏళ్ల వెయిటింగ్ లిస్ట్ ఉంది. ఇల్లు కొనకముందే అందులో పేరు రాయించండి.

డాలస్ వైపు ఉద్యోగాలు చెదిరి ఉన్నాయి: ప్లేనో లెగసీ, ఇర్వింగ్ లాస్ కొలినాస్, రిచర్డ్‌సన్, వెస్ట్‌లేక్. సెలీనాలో ఇల్లు కొని లాస్ కొలినాస్‌లో పనిచేస్తే ఒకవైపు సుమారు 40 మైళ్లు. టోల్ మైలుకు 20 సెంట్ల పైన. రోజుకు యాభై టోల్ మైళ్లు, నెలకు ఇరవై రోజులంటే 200 డాలర్లు దాటుతుంది. ట్యాగ్ లేకపోతే రెట్టింపు. డాలస్ స్థానిక రవాణా సంస్థ డార్ట్ రైళ్లు ప్లేనో, రిచర్డ్‌సన్, ఇర్వింగ్‌లకు ఉన్నాయి, 2025 అక్టోబరులో ప్లేనో నుంచి ఎయిర్‌పోర్టుకు సిల్వర్ లైన్ మొదలైంది. ఫ్రిస్కో, ప్రాస్పర్, మెకిన్నీలకు అదీ లేదు. ఇద్దరికీ చెరో కారు, పిల్లకు పదహారేళ్లు వస్తే మూడోది. పెద్ద ఇంటికోసం ఇంకా ఉత్తరానికి జరిగేకొద్దీ రోజుకు గంట పోతుంది. ఉద్యోగం ఎక్కడో తేలకముందే ఇల్లు కొనకండి. మొదటి ఏడాది కొపెల్‌లోనో, ప్లేనోలోనో అద్దెకుండడమే మంచిది.

బడి, ఆ తర్వాత కాలేజీ

టెక్సాస్‌లో స్కూల్ డిస్ట్రిక్ట్ సరిహద్దు, సిటీ సరిహద్దు ఒకటి కావు. ఫ్రిస్కో చిరునామా ఉన్న ఇల్లు ప్రాస్పర్, లిటిల్ ఎల్మ్, లూయిస్‌విల్ డిస్ట్రిక్టుల్లో దేనిలోనైనా ఉండొచ్చు. లిస్టింగ్‌ను నమ్మకుండా డిస్ట్రిక్ట్ వెబ్‌సైట్‌లో ఇంటి నంబరు కొట్టి చూడాలి. పైగా వేగంగా పెరిగే చోట్ల జోన్లు ప్రతి రెండు మూడేళ్లకూ మారతాయి. "ఈ స్కూలు కోసమే" అని ఇల్లు కొనడం అక్కడ ప్రమాదం. న్యూజెర్సీలో ఊరికీ స్కూలుకూ ముడి గట్టిగా ఉంటుంది.

కిండర్‌గార్టెన్‌కు టెక్సాస్‌లో సెప్టెంబరు 1 నాటికి అయిదేళ్లు నిండాలి. న్యూజెర్సీలో చాలా ఊళ్లలో అక్టోబరు 1. సెప్టెంబరులో పుట్టిన పిల్లకు ఈ ఒక్క నెల వల్ల ఇంకో ఏడాది డేకేర్ ఖర్చు పడుతుంది. ఇంట్లో తెలుగే మాట్లాడుతూ ఇంగ్లిష్ ఇంకా రాని నాలుగేళ్ల పిల్లలకు టెక్సాస్ పబ్లిక్ స్కూళ్లలో ప్రీ-కె ఉచితం, చిన్న పరీక్ష పెట్టి తేలుస్తారు. ఈ సంగతి చాలామందికి తెలియదు.

కాలేజీ దగ్గర తేడా పెద్దది. టెక్సాస్‌లో హైస్కూల్ ర్యాంకు బాగుంటే ప్రభుత్వ యూనివర్సిటీల్లో సీటు చట్టప్రకారం వస్తుంది. చాలావాటికి టాప్ 10%, యూటీ ఆస్టిన్‌కు 2026 నుంచి టాప్ 5%. సీటు వస్తుంది కానీ కంప్యూటర్ సైన్స్ వంటి కోర్సు వస్తుందన్న హామీ లేదు. అందరూ కాలేజీ స్థాయి ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) కోర్సులు తీసుకునే ఫ్రిస్కో, కొపెల్ స్కూళ్లలో ఆ 5%లో నిలవడం చాలా కష్టం. అదే పిల్లవాడు కాస్త సాధారణ స్కూల్లో సులువుగా నిలుస్తాడు. మంచి స్కూలు అని ఎగబడేముందు ఇది ఆలోచించండి. న్యూజెర్సీలో ఇలాంటి హామీ లేదు. రట్గర్స్ మంచిదే, కానీ రాష్ట్రంలోని పిల్లలు చాలామంది ఫీజులు ఎక్కువైనా బయటి రాష్ట్రాలకు వెళ్తారు. ఇన్-స్టేట్ ట్యూషన్ కూడా రట్గర్స్ కంటే యూటీ ఆస్టిన్‌లో ఏడాదికి కొన్ని వేలు తక్కువ.

కాన్పు, సెలవులు, ఇంటికి వచ్చే పెద్దలు

పిల్లల్ని కనాలనుకునే దంపతులు ఈ భాగం జాగ్రత్తగా చదవాలి. న్యూజెర్సీలో ఉద్యోగుల జీతంలోంచి చిన్న మొత్తం కట్ చేసి, తిరిగి కాన్పుకు ముందు సాధారణంగా నాలుగు వారాలు, తర్వాత ఆరు లేదా సిజేరియన్ అయితే ఎనిమిది వారాలు వైకల్య బీమా కింద ఇస్తారు. ఆ పైన బిడ్డతో గడపడానికి తల్లికీ తండ్రికీ చెరో 12 వారాలు. వచ్చేది జీతంలో 85%, వారానికి ఒక గరిష్ఠ పరిమితి ఉంది. న్యూజెర్సీలో ఉంటూ న్యూయార్క్ ఆఫీసుకు వెళ్లేవాళ్లకు ఇవి రావు, న్యూయార్క్ పథకమే వర్తిస్తుంది. అక్కడ వైకల్య బీమా వారానికి గరిష్ఠంగా 170 డాలర్లే. టెక్సాస్‌లో రాష్ట్ర పథకం ఏదీ లేదు, కంపెనీ ఇచ్చిందే సెలవు. గర్భం నిలవని పరిస్థితుల్లో డాక్టర్లు చేయగలిగే వైద్యం మీద కూడా టెక్సాస్ చట్టాలు కఠినంగా ఉన్నాయి, న్యూజెర్సీలో ఆ ఆంక్షలు లేవు. వయసు, ఆరోగ్యం రీత్యా రిస్కు ఉన్న గర్భమైతే, మారే ముందే అక్కడి గైనకాలజిస్ట్‌తో దీని గురించి నేరుగా మాట్లాడండి.

అమ్మానాన్నలు ఏప్రిల్‌లో వచ్చి సెప్టెంబరులో వెళ్లడం మన అలవాటు. న్యూజెర్సీకి అది సరిగ్గా సరిపోతుంది. ఓక్ ట్రీ రోడ్ చుట్టుపక్కల, ఎడిసన్ అపార్ట్‌మెంట్ల దగ్గర సాయంత్రం నడిచి వెళ్లి కూరగాయలు తెచ్చుకోగలరు. డాలస్‌లో జులై, ఆగస్టుల్లో సాయంత్రం ఏడింటికి కూడా 95 డిగ్రీల ఫారెన్‌హీట్ మామూలే, బయటికి వెళ్లాలంటే కారు కావాలి, పగలంతా ఇంట్లో ఒంటరిగా గడుస్తుంది. వాళ్లను అక్టోబరులో పిలిపించుకుంటే అయిదారు నెలలు హాయిగా ఉంటారు. గుళ్లకు, తెలుగు సంఘాలకు, మనబడి తరగతులకు రెండు చోట్లా లోటు లేదు: బ్రిడ్జ్‌వాటర్ బాలాజీ గుడి ఇటు, ఫ్రిస్కో కార్యసిద్ధి హనుమాన్ గుడి అటు. పాస్‌పోర్టు, ఓసీఐ పనులకు 2025 ఆగస్టు నుంచి ఎడిసన్‌లోనూ డాలస్‌లోనూ కేంద్రాలున్నాయి.

వీసా మీద ఉంటే ముందు ఇది

హెచ్1బీ ఉద్యోగి వేరే మెట్రో ప్రాంతానికి మారితే, ఇంటి నుంచే పనిచేసినా సరే, కొత్త ఎల్‌సీఏతో (కార్మిక శాఖ దగ్గర కంపెనీ వేసే దరఖాస్తు) అమెండ్‌మెంట్ ఫైల్ చేయాలి. ఇది 2015 నుంచి స్పష్టమైన నిబంధన. కొత్త చోట పని మొదలుపెట్టకముందే ఫైల్ అవ్వాలి. "మేనేజర్ ఒప్పుకున్నాడు" అంటే సరిపోదు, ఇమిగ్రేషన్ లాయర్ దగ్గర నుంచి రసీదు నంబరు రావాలి.

పెర్మ్ (గ్రీన్‌కార్డుకు తొలి మెట్టయిన లేబర్ సర్టిఫికేషన్) కూడా ఊరికి కట్టుబడి ఉంటుంది. ఎడిసన్ ఉద్యోగానికి పెర్మ్ నడుస్తుండగా డాలస్‌కు మారితే, మళ్లీ మొదటి నుంచి చేయాల్సి రావచ్చు. జీతం నిర్ధారణ, ప్రకటనలు, పరిశీలన కలిపి రెండేళ్లు పట్టడం మామూలే. గ్రీన్‌కార్డు రెండో మెట్టయిన ఐ-140 ఆమోదం అయ్యాక మారితే ప్రయారిటీ డేట్ (క్యూలో మీ స్థానాన్ని తేల్చే తేదీ) మీతోనే ఉంటుంది, కొత్త పెర్మ్ తర్వాత చేసుకోవచ్చు. చివరి మెట్టయిన ఐ-485 వేసి 180 రోజులు దాటితే అదే తరహా ఉద్యోగం ఉన్నంతవరకు ఊరు అడ్డు కాదు. అన్నిటికంటే చెడ్డ సమయం: హెచ్1బీ ఆరో ఏడాది నడుస్తూ, పెర్మ్ ఇంకా పెండింగ్‌లో ఉన్నప్పుడు. ఆ దశలో ఇల్లు ఎంత చవకగా వచ్చినా కదలకండి.

ఎవరికి ఏది నప్పుతుంది

ఒక్కరి జీతంతో ఇద్దరు పిల్లలను పెంచుతూ, ఐ-140 ఆమోదం చేతిలో ఉండి, ఆఫీసు లెగసీలోనో రిచర్డ్‌సన్‌లోనో ఖాయమైతే టెక్సాస్ వెళ్లండి, మడ్ లేని ఇల్లు చూసుకోండి. ఇద్దరూ పనిచేస్తూ, ఒకరిది ఫార్మా లేదా బ్యాంకింగ్ అయితే, లేదా వచ్చే రెండేళ్లలో బిడ్డ కావాలనుకుంటే న్యూజెర్సీ మెరుగు. పిల్ల తొమ్మిది, పదో తరగతికి వచ్చాక మార్చడం మంచిది కాదు. ర్యాంకు లెక్కలో పాత స్కూల్ మార్కులను కొత్త డిస్ట్రిక్ట్ ఎలా కలుపుతుందో చేరాకే తెలుస్తుంది.

మారడం ఖాయమయ్యాక

న్యూయార్క్ ఆఫీసుకు చెందిన ఉద్యోగి టెక్సాస్ ఇంటి నుంచి పనిచేస్తే, సొంత సౌకర్యం కోసం అలా చేస్తున్నాడంటూ ఆ జీతం మీద న్యూయార్క్ పన్ను వేస్తూనే ఉంటుంది. పేరోల్‌లో మీ ఆఫీసు డాలస్‌కు మారినట్టు హెచ్‌ఆర్ నుంచి రాతలో తీసుకోండి, మొదటి పే స్టబ్‌లో న్యూయార్క్ కోత ఆగిందో లేదో చూడండి.

టెక్సాస్‌లో కారు రిజిస్ట్రేషన్‌కు 30 రోజులు, లైసెన్సుకు 90 రోజులు గడువు. కొత్తగా వచ్చినవాళ్లు తెచ్చుకున్న ఒక్కో కారుకు 90 డాలర్ల పన్ను. చిరునామా మార్పు ఏఆర్-11 ద్వారా పది రోజుల్లో ఇమిగ్రేషన్ శాఖ యూఎస్‌సీఐఎస్‌కు తెలపాలి, ఇంట్లో ప్రతి ఒక్కరికీ విడిగా.

న్యూజెర్సీ ఇంటిని అద్దెకిచ్చి వెళ్లి, కొన్నేళ్ల తర్వాత అమ్మేవాళ్లకు క్లోజింగ్ టేబుల్ దగ్గర ఒక షాక్ ఉంటుంది. రాష్ట్రం వదిలినవాళ్ల నుంచి లాభం మీద 10.75% లేదా అమ్మకం ధరలో 2%, ఏది ఎక్కువైతే అది ముందస్తు పన్నుగా పట్టుకుంటారు. దీన్నే ఎగ్జిట్ టాక్స్ అంటారు. అదనపు పన్నేమీ కాదు, ఏడాది చివర నాన్-రెసిడెంట్ రిటర్న్ వేస్తే ఎక్కువైంది తిరిగొస్తుంది. కానీ ఆ డబ్బు మీద లెక్కపెట్టుకుని టెక్సాస్ ఇంటికి డౌన్ పేమెంట్ కట్టాలనుకుంటే చిక్కు. సొంతంగా ఉన్న ఇంటినే అమ్ముతుంటే జీఐటీ/ఆర్ఈపీ-3 ఫారంతో ఇది తప్పుతుంది. కాబట్టి అమ్మే ఉద్దేశం ఉంటే అద్దెకు ఇవ్వకముందే అమ్మి, ఆ ఫారం క్లోజింగ్ లాయర్ చేత ముందే సిద్ధం చేయించుకోండి.